ఎడమా, కుడా? టికెట్ వేసే ముందు పటం చూడండి

విమానం సరిగ్గా మీ ఊరి మీదుగా వెళ్తే మీ ఊరు మీకు కనబడదు. తెనాలి బోసు రోడ్డులో టికెట్ల షాపు నడుపుతున్న నేను కిటికీ సీటు అడిగిన ప్రతివాళ్లకీ ముందు చెప్పే మాట ఇదే. చాలామంది నమ్మరు. పైనుంచి చూస్తే కింద ఉన్నది కనబడకపోవడమేమిటి అంటారు. కానీ విమానం కిటికీ ఉన్నది పక్క గోడకి, నేలకి కాదు. నుదురు అద్దానికి ఆనించి ఎంత వంగి చూసినా చూపు ఏటవాలుగానే పోతుంది. 10 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానంలోంచి 45 డిగ్రీల వాలుగా చూస్తే చూపు నేలని తాకేది విమానం దారికి 10 కిలోమీటర్ల అవతల. ఇవతల ఉన్నదంతా విమానం పొట్ట కింద నుంచి వెళ్లిపోతుంది. కాబట్టి చూడదలుచుకున్న ఊరు దారికి పది నుంచి పాతిక కిలోమీటర్లు పక్కగా ఉండాలి, మనం ఆ పక్కనే కూర్చోవాలి. కిటికీ సీటు గురించి తెలుసుకోవలసిన దాంట్లో సగం ఇదే.

నా బల్ల మీద అద్దం కింద ఆంధ్రప్రదేశ్ పటం పరిచి ఉంటుంది. ఎవరైనా గన్నవరం నుంచి టికెట్ అడిగితే, కుట్టుమిషను దారం కండె తీసి ఒక కొస గన్నవరం మీద, రెండో కొస దిగే ఊరి మీద పెట్టి బిగించి చూపిస్తాను. దారానికి అటు ఏమున్నాయి, ఇటు ఏమున్నాయి అన్నది వాళ్లే చదువుకుంటారు. ఫోన్లో పటం తెరిచి రెండు ఊళ్ల మధ్య గీత గీసుకున్నా అంతే. విమానం దారంలాగా తిన్నగా పోదన్నది నిజమే. గాలిని బట్టి, రద్దీని బట్టి, పైలట్‌కి కింద నుంచి వచ్చే ఆదేశాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. అయినా ఏ ఊరు ఏ పక్క అన్నది ఎక్కువసార్లు మారదు.

మా వైపు వాళ్లకి నేను అన్నిటికన్నా ముందు చెప్పేది చెన్నై దారి. గన్నవరం నుంచి చెన్నైకి ఆకాశంలో సుమారు 400 కిలోమీటర్లు. దారం బిగించి చూడండి, అది మన మధ్యలోంచే పోతుంది. తెనాలి కుడి పక్కకి పది పన్నెండు కిలోమీటర్లలో, రేపల్లె ఎడమ పక్కకి ఇంచుమించు అంతే దూరంలో ఉంటాయి. బాపట్ల కుడి పక్కే, ఇరవై కిలోమీటర్లు దాటి. ఆ తర్వాత దారం నిజాంపట్నం దగ్గర నేల వదిలి సముద్రం మీదికి వెళ్తుంది. నేను రేపల్లెలో పుట్టి తెనాలి కోడలినయ్యాను. రెండూ ఒకే కిటికీలోంచి కనబడవు. ఒక్క విమానంలో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

కుడి పక్క కూర్చున్నవాళ్లకి ముందు దక్కేది కాలువలు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దానికి వందేళ్ల ముందే, 1850లలో, అక్కడ ఆర్థర్ కాటన్ చొరవతో ఆనకట్ట లేచింది. ఆనాటి నుంచి నేటిదాకా నీళ్లు అందుకుంటున్న కృష్ణా డెల్టా మొత్తం సుమారు 13 లక్షల ఎకరాలు. ఆ అంకె బడిలో మనమంతా చదువుకున్నదే. దాని అర్థం మాత్రం ఈ కిటికీ దగ్గరే తెలుస్తుంది. సీతానగరం వైపు నుంచి దిగివచ్చే పెద్ద కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర చీలడం, చీలిన పాయలు తెనాలి ఊళ్లోకి చొరబడి మళ్లీ బయటపడటం, ఒక్కో పాయ నుంచి పిల్లకాలువలు, వాటి నుంచి బోదెలు, బోదెల వెంట మళ్లు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా. ఊళ్లోంచి కాలువలు పోవడమే దానికి కారణమని పెద్దలు చెబుతారు. రోజూ స్కూటరు మీద ఆ వంతెనలు దాటేవాళ్లకి కాలువ అంటే ఒక అడ్డు, అంతే. పైనుంచి చూసినప్పుడు మాత్రం కాలువల చుట్టూ ఊరు పెరిగిందని, ఇళ్లు నీటి వెంట వరసకట్టాయని స్పష్టంగా కనబడుతుంది.

విమానం అప్పటికింకా పైకెక్కుతూనే ఉంటుంది, ఎత్తు తక్కువ. అందుకే తెనాలి జంక్షన్లో రైలు పట్టాలు విడిపోయే చోటుని కూడా పోల్చుకోవచ్చు. విజయవాడ నుంచి వచ్చే లైను, గుంటూరు లైను, చెన్నై వైపు పోయే లైను, వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయే లైను. రేపల్లె లైను మీ విమానం కిందుగా కుడి నుంచి ఎడమకి దాటిపోతుంది. ఎక్కడున్నామో తెలియనప్పుడు నాకు గుర్తు ఆ లైనే.

ఆ తర్వాత బాపట్ల నేల. ఇది చూసేదాకా అక్కడి భూమి అలా ఎందుకుందో నాకు అర్థం కాలేదు. తెనాలి చుట్టూ నల్లరేగడి మాగాణి, బాపట్ల దగ్గరికొచ్చేసరికి ఇసుక. కింద తిరిగేవాళ్లకి అది అక్కడక్కడా దిబ్బ, అంతే. పైనుంచి చూస్తే ఆ ఇసుక దిబ్బలు ఒడ్డుకి సమాంతరంగా, ఒకదాని వెనక ఒకటిగా చారలు కట్టి ఉంటాయి. చారకీ చారకీ మధ్య పల్లంలో పచ్చగా వరి, చార మీద ఊళ్లూ తోటలూ. ఒకప్పుడు సముద్రం ఒడ్డు అక్కడే ఉండేది. కృష్ణ మట్టి తెచ్చి పోస్తూ ఉంటే సముద్రం వెనక్కి జరిగింది. జరిగినప్పుడల్లా అప్పటి ఒడ్డు ఒక ఇసుక చారగా మిగిలిపోయింది. డెల్టా అంటే నది కట్టిన నేల అని పుస్తకంలో రాసి ఉంటుంది. ఎన్ని విడతలుగా కట్టిందో మాత్రం ఈ చారలు లెక్కపెడితే తెలుస్తుంది. ఈ ఒక్కటి చూడటానికి కుడి పక్క సీటుకి డబ్బు పెట్టినా దండగ లేదంటాను.

ఒడ్డున ముదురాకుపచ్చ పట్టీలాగా కనబడేవి సరుగుడు తోటలు. వాటికి అవతల తెల్లటి గీత సూర్యలంక బీచి. అక్కడే వైమానిక దళం స్థావరం ఉంది, క్షిపణుల పరీక్షలు జరుగుతాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఆకాశాన్ని మూసేస్తారు, విమానాలు పక్కదారి పడతాయి. ఆ రోజు అనుకున్న ఊరు అనుకున్న పక్క కనబడకపోతే సీటు తప్పని అనుకోకండి.

సముద్రం మీదికెళ్లాక కూడా కుడి పక్కవాళ్లకి పని ఉంటుంది. ఒడ్డు పొడుగునా సాగే బకింగ్‌హామ్ కాలువ, నెల్లూరు తీరం, చివర్లో పులికాట్ సరస్సు, దానికీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి కుడి చేతి వైపే వస్తాయి. విమానం ఒడ్డుకి దగ్గరగా పోయి, గాలి శుభ్రంగా ఉంటే పులికాట్ లోతు తక్కువ నీళ్ల రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం చూడవచ్చు.

ఇక ఎడమ పక్క, అంటే మా పుట్టింటి పక్క. అక్కడ నది ఉంది. గన్నవరం వదిలిన కాసేపటికే కృష్ణ ఎడమ కిటికీ కిందికి వచ్చి చాలా దూరం వెంటే నడుస్తుంది. వేసవిలో వెళ్తే ఇసుకే ఎక్కువ, నీరు పక్కన సన్నగా. వరద నెలల్లో ఒడ్డు నుంచి ఒడ్డుకి ఎర్రటి నీరు. మధ్యలో లంకలు, అరటి, పసుపు, కంద పండే ఊళ్లు. వరద వార్త రాగానే లంకవాళ్లు పశువుల్ని తోలుకుని కట్ట మీదికి ఎందుకొస్తారో ఆ దృశ్యం చూస్తే ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నదికీ పొలానికీ ఎత్తులో తేడాయే కనబడదు. తర్వాత రేపల్లె, పెనుమూడి దగ్గర నదిని దాటి పులిగడ్డ వైపు పోయే పొడవాటి వంతెన, అవతల అవనిగడ్డ. అక్కడ కృష్ణ రెండుగా చీలి దివిసీమని మధ్యలో పెట్టుకుంటుంది. అక్కడి నుంచి సముద్రందాకా చినిగిన అరిటాకులా ఉంటుంది ఆ నేల, పాయలూ మడ అడవులూ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఆ నేల మీదికే వచ్చింది. మా ఇళ్లలో ఆ రాత్రి గురించి చెప్పుకోని వాళ్లు లేరు. అడ్డం ఆపడానికి గుట్ట గానీ మిట్ట గానీ ఏమీ లేని ఆ చదును చూసినప్పుడు, నీళ్లు అంత లోపలికి ఎలా వచ్చాయన్న ప్రశ్నకి జవాబు దొరికింది నాకు.

రేపల్లె, నిజాంపట్నం మధ్య ఇప్పుడు పొలాలకన్నా కళ్లకి ముందు తగిలేవి రొయ్యల చెరువులు. కొలిచి కోసినట్టు దీర్ఘచతురస్రాలు, ముదురు ఆకుపచ్చ ఒకటి, బూడిద ఒకటి, ఎండగట్టిన తెల్లది ఒకటి. నీళ్లలో తెల్లటి నురగ గీతలు కనబడితే అవి చెరువులో తిరిగే ఫ్యాన్లు. రొయ్యకి గాలి అందడానికి తిప్పుతారు. మా చిన్నప్పుడు ఆ వైపు ఇన్ని చెరువుల్లేవు. ఎంత మాగాణి చెరువైపోయిందో నేల మీద నిలబడి ఎవరూ చెప్పలేరు. పైనుంచి చూసి బాధపడ్డాను. ఆ మాట దాచను.

చెరుకుపల్లి దగ్గర నుంచి ఒక పెద్దాయన వచ్చారు, చెన్నైలో కూతురింటికి వెళ్లడానికి.

"అమ్మాయ్, కిటికీ దగ్గర వెయ్యి. మా చెక్క కనబడాలి."

"మీ పొలం ఎక్కడ బాబాయ్ గారూ?"

"చెరుకుపల్లికి ఇవతలే, డ్రెయిను పక్కన."

దారం పెట్టి చూపించాను. చెరుకుపల్లి సరిగ్గా దారం కిందే ఉంది. "కాస్త అటో ఇటో జరిగితే తప్ప మీ చెక్క విమానం కిందుగా వెళ్లిపోతుంది బాబాయ్ గారూ" అంటే ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు ముందు వరసల్లో కుడి కిటికీ వేసి, రైలు లైను కనబడగానే వంగి ముందుకి చూడమన్నాను. కిందికొచ్చేదాకా ఆగితే దొరకదు, ఎదురుగా వస్తున్నప్పుడే పట్టుకోవాలి. వెళ్లొచ్చాక చెప్పారు, పొలం తెలియలేదట గానీ డ్రెయిను వంపు తెలిసిందట. ఆ వంపు ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో డెబ్భై దాటాక మొదటిసారి చూశానన్నారు. ఆ డ్రెయిను పూడిపోయి ఏటేటా పొలం మునుగుతున్న మనిషి ఆయన.

బెంగళూరు దారి వేరు. మన పిల్లలు ఎక్కువమంది ఉన్నది అక్కడే కాబట్టి ఈ టికెట్లే ఎక్కువ వేస్తాను. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు కుడి పక్క ఒంగోలు, చీరాల, వాటి వెనక సముద్రం, బాపట్ల, చివరికి తెనాలి వస్తాయి. విమానం అప్పటికి దిగుతూ ఉంటుంది కాబట్టి తెనాలి బాగా దగ్గరగా తెలుస్తుంది. గుంటూరు, కొండవీడు కొండలు చూడాలంటే ఎడమ. బెంగళూరు నుంచి విశాఖ పోయే విమానం మాత్రం బాపట్ల ఎదురుగా సముద్రం మీది నుంచి వచ్చి కృష్ణ నోటి దగ్గర నేల తాకుతుంది. అందులో ఎడమ పక్క కూర్చుంటే మన తీరమంతా అవతలి వైపు నుంచి చూడవచ్చు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, దిగాక ఫోటోలు తీయకండి.

హైదరాబాదు నుంచి గన్నవరం వస్తే కుడి. అమరావతి, ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి ఆ పక్కే. పులిచింతల జలాశయం మాత్రం దారం కిందే ఉంటుంది. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు గనులు ఆ నీళ్ల కిందే ఉన్నాయి.

పక్క తేలాక వేళ సంగతి. పొద్దున చెన్నై విమానంలో సూర్యుడు ఎడమ పక్క, అంటే తూర్పున ఉంటాడు. కుడి పక్కవాళ్లకి కళ్లలో ఎండ కొట్టదు, నేల మీద వెలుగు బాగా పడి రంగులు తేటగా కనబడతాయి. సాయంత్రం తిరగబడుతుంది. కాబట్టి రంగులు చూడాలంటే సూర్యుడికి ఎదురు పక్క కూర్చోవాలి. ఊడ్పుల నెలల్లో మాత్రం నేను సూర్యుడున్న పక్కే వేస్తాను. జూలై, ఆగస్టుల్లో మడినిండా నీళ్లుంటాయి, నారు ఇంకా కమ్మదు. ఎండ మడిలోని నీటి మీద పడి మన కంటికి తగిలే కోణం సూర్యుడి వైపే. విమానం కదులుతుంటే ఒక్కో మడి వెలిగి ఆరిపోతుంది, పక్కది వెలుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అంతా ఒకే పచ్చ. నవంబరు, డిసెంబరుల్లో పండిన వరి, కోతలైన మళ్లు, కుప్పలు. తర్వాత మినుము, పెసర. డిసెంబరు, జనవరుల్లో పొద్దున్నే గన్నవరంలో పొగమంచు పట్టి విమానాలు ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో పది దాటాక బయల్దేరేది చూసుకోండి.

సూర్యుడికి ఎదురు పక్క కూర్చున్నవాళ్లకి మరొకటి దొరుకుతుంది. కింద మబ్బులుంటే, వాటి మీద విమానం నీడ, నీడ చుట్టూ గుండ్రంగా రంగుల వలయం. మబ్బులోని సన్నటి నీటి తుంపరలు వెలుగుని వెనక్కి తిప్పి పంపడం వల్ల వస్తుంది. పిల్లలకి తప్పకుండా చూపించండి.

ఇంక విమానం సంగతి. చెన్నై లాంటి దగ్గరి ఊళ్లకి తిరిగే ఏటీఆర్ 72కి రెక్కలు కిటికీల పైన ఉంటాయి, కిందికి చూడటానికి అడ్డు రావు. 25 వేల అడుగులు దాటి పోదు, వేగం తక్కువ. చప్పుడెక్కువని జనం విసుక్కుంటారు. చూసేవాళ్లకి మాత్రం దాన్ని మించింది లేదు. ఫ్యాన్ల పక్క వరసలు వదిలి వెనక వరసలు తీసుకోండి. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737లకి రెక్క కిందుంటుంది, మధ్య వరసల్లో కూర్చుంటే రెక్క తప్ప ఏమీ కనబడదు. రెక్కకి బాగా ముందు వరసలు మంచివి. బాగా వెనకవి కూడా పరవాలేదు గానీ ఇంజిను వదిలే వేడి గాలికి అటు దృశ్యం కాస్త అలుక్కుపోయినట్టుంటుంది. 737లో రెక్కకి కొంచెం ముందు ఒకచోట, గోడలోంచి చల్లగాలి గొట్టం పోతుంది కాబట్టి, అసలు కిటికీయే ఉండదు. కంపెనీ పటంలో మాత్రం అది కిటికీ సీటనే ఉంటుంది. డబ్బు కట్టి గోడ చూస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

సీటు ఎంచుకోవడానికి కంపెనీలు విడిగా వసూలు చేస్తాయి. పెట్టలేనివాళ్లు వెబ్ చెక్-ఇన్ తెరుచుకున్న నిమిషంలోనే చూసుకుంటే డబ్బులేనివి కొన్ని మిగిలి ఉంటాయి. ఎక్కువగా వెనక వరసలే. ఎడమ కిటికీ అక్షరం ఎప్పుడూ ఏ. కుడిది ఈ చిన్న విమానాల్లో సాధారణంగా ఎఫ్. తిరుగు టికెట్‌కి పక్క మారుతుందని మరిచిపోకండి. వెళ్లేటప్పుడు తెనాలి చూపించిన ఎఫ్, వచ్చేటప్పుడు రేపల్లె వైపు చూపిస్తుంది.

కిటికీ అద్దంలో కింద చిన్న చిల్లు కనబడితే కంగారుపడకండి. అద్దాలు మూడు పొరలు. లోపలి గాలి ఒత్తిడిని మోసేది బయటి పొర. మధ్య పొరకి ఆ చిల్లు కావాలనే పెడతారు, ఒత్తిడి సర్దుకోవడానికీ తేమ పోవడానికీ. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, ఫోను అద్దానికి దగ్గరగా పెట్టండి, ఆనించకండి, అదురుతుంది. పోలరాయిడ్ నల్లకళ్లద్దాలు తీసేయండి. వాటిలోంచి విమానం అద్దం ఇంద్రధనుస్సు మరకలతో కనబడుతుంది.

అమెరికాలో కూతురి పురుడికి, కొడుకు గృహప్రవేశానికి వెళ్లే పెద్దవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. పొడుగు ప్రయాణంలో కిటికీ వద్దంటాను వాళ్లకి. మోకాళ్లు పట్టేస్తాయి, బాత్రూముకి లేవాలంటే ఇద్దరిని లేపాలి, హైదరాబాదు నుంచి చాలా విమానాలు బయల్దేరేది చీకట్లో. పైగా బోయింగ్ 787 లాంటి వాటిలో కిటికీకి తెర ఉండదు, అద్దమే నల్లబడుతుంది, సిబ్బంది అన్నీ కలిపి ఒకేసారి నల్లబరచగలరు. అక్కడ నడవ పక్క సీటు తీసుకోండి. గన్నవరం నుంచి హైదరాబాదుదాకా పగటి విమానం ఉంటే, ఆ ముక్కకి మాత్రం ఎడమ కిటికీ పట్టండి. ఒకే టికెట్టయినా ఒక్కో విమానానికి సీటు విడిగా ఎంచుకోవాలి. ముక్తినాథ్ యాత్రకి ఢిల్లీ మీదుగా ఖాట్మండు పోయేవాళ్లకి కూడా ఎడమే. హిమాలయాలు ఉత్తరాన ఉంటాయి.

భార్యాభర్తలు కలిసి వెళ్తూ ఇద్దరూ కిటికీ కావాలంటే, వెనకా ముందూ వరసల్లో ఒకే పక్క వేస్తాను. మొన్న ఒక రేపల్లె పిన్నిగారు దానికీ ఒప్పుకోలేదు. "ఆయన్ని కుడి పక్క వెయ్యమ్మా, వాళ్లది బాపట్ల. నన్ను ఎడమ పక్క వెయ్యి." అలాగే వేశాను.